మా బాబాయి నోట్‌బుక్, క్యారీ ఆన్ సినిమాలు, పనసకాయ

మా రెండో అక్క పెళ్ళయిన మూడో రోజు కొత్త బావగారు పెరట్లోకొచ్చి, పనసకాయ నేనే కోస్తానని పట్టుబట్టి కత్తిపీట ముందు కూచున్నారు. చుట్టూ పదిమంది ఆడవాళ్ళు. మా పెద్దక్క మొహంలో ఏ మార్పూ లేకుండా "మరిదిగారూ, పనసకాయ మీద చెయ్యేసే ముందు నూనె రాసుకోవాలి, తొందరపడ్డారో జిగురు పట్టుకుని మరి చెయ్యి వదలదు" అంది. ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత మా మేనత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, ఆ తర్వాత ఇంకెవరినీ ఆపడం కుదర్లేదు, బావగారి చెవులు ఎర్రబడిపోయాయి. మా మామ్మ "ఏటే ఆ ఇకిలింపులు, అది పనసకాయ సంగతే కదా చెప్పింది, మీ బుర్రలెక్కడికి ఎల్లాయి" అన్నాది, అని అందరికంటే ఎక్కువ తనే నవ్వింది.

క్యారీ ఆన్ సినిమాలంటే ఏంటని ఎవరైనా అడిగితే నేను ముందు ఈ పనసకాయ కథే చెప్తాను. మాటలో ఏ తప్పూ ఉండదు, ఆ మాట మళ్ళీ అచ్చంగా అలాగే ఏ పెద్దమనిషి ముందైనా అనొచ్చు, అల్లరంతా వినేవాళ్ళ బుర్రలో జరుగుతుంది. ఇంగ్లండులో 1958 నుంచి 1978 దాకా 20 ఏళ్ళలో ఇలాంటి కామెడీ సినిమాలు 30 తీశారు (అందులో ఒకటి పాత సీన్లన్నీ కలిపి కుట్టింది), మళ్ళీ 1992లో ఒకటి. నిర్మాత పీటర్ రోజర్స్, డైరెక్టర్ మొదటి నుంచి చివరి దాకా జెరాల్డ్ థామస్ ఒక్కడే, స్టూడియో లండన్ పక్కన పైన్‌వుడ్. మొహాలు కూడా అవే, ఒక సినిమాలో డాక్టరైనవాడు ఇంకో సినిమాలో సీజరు, ఒకదాంట్లో హెడ్ నర్సు ఇంకోదాంట్లో టాక్సీవాడి పెళ్ళాం. తోలుబొమ్మలాటలో కథ రామాయణమైనా భారతమైనా మధ్యలో కేతిగాడూ బంగారక్కా జుట్టుపోలిగాడూ దిగాల్సిందే కదా, చూసేవాళ్ళు సగంమంది వాళ్ళకోసమే కదా తెల్లవార్లూ కూచునేది, ఇది కూడా అంతే.

ఇవి మా ఇంటికి ఎలా వచ్చాయంటే, మా బాబాయి సరుకుల ఓడ ఇంజన్ రూములో ఫిట్టరుగా చేసేవాడు. 1986లో లివర్‌పూల్ నుంచి వస్తూ తొమ్మిది వీడియో క్యాసెట్లు తెచ్చాడు. అమెరికా క్యాసెట్ అయితే మన వీసీఆర్‌లో సరిగ్గా ఆడేది కాదు, బ్రిటన్‌లోనూ మన దగ్గరా పాల్ అనే ఒకటే టీవీ సిస్టమ్ కాబట్టి ఇవి తిన్నగా ఆడేశాయి, లేకపోతే ఈ పోస్టే లేదు. అప్పుడు నేను ఎనిమిదో క్లాసు. పిల్లల్ని చూడనివ్వకూడదని పిన్ని అంది, బాబాయి "వాళ్ళకి అర్థమయ్యేది వాళ్ళు చూస్తారు, మనకి అర్థమయ్యేది మనం చూస్తాం" అన్నాడు. నిజంగానే అప్పుడు నేను మనుషులు జారిపడ్డం చూసి నవ్వేదాన్ని, ఇరవై దాటాక అవే సీన్లలో మాటలు విని నవ్వాను, ఇప్పుడు యాభై దాటాక వాళ్ళ మొహాలు చూసి నవ్వుతున్నాను.

పిన్ని అప్పటికి గవర్నమెంటు ఆసుపత్రిలో నర్సు. ఆవిడ మనసు మారింది క్యారీ ఆన్ నర్స్ చూశాకే. 1959లో బ్రిటన్‌లో అందరికంటే ఎక్కువ ఆడిన సినిమా అది, కథంటూ పెద్దగా లేదు, మగవాళ్ళ వార్డు, పేషెంట్లు, నర్సులు. ఒక కల్నల్ ఉంటాడు, పడుకున్నచోటి నుంచే బెల్లు కొట్టి కొట్టి నర్సుల ప్రాణం తీస్తుంటాడు. చివర్లో ఇద్దరు నర్సులు టెంపరేచర్ చూడాలండీ అని ఆయన్ని బోర్లా పడుకోబెట్టి, థర్మామీటర్ పెట్టాల్సిన చోట ఒక డాఫొడిల్ పువ్వు గుచ్చి వెళ్ళిపోతారు. మేట్రన్, అంటే హెడ్ నర్సు, వస్తుంది, అదేంటని చూస్తుంది, టెంపరేచర్ చూడ్డం ఎప్పుడూ చూళ్ళేదా అని ఆయన గదమాయిస్తాడు, చాలాసార్లు చూశాను గానీ డాఫొడిల్‌తో మాత్రం ఎప్పుడూ చూళ్ళేదంటుంది. ఆ మేట్రన్ హాటీ జాక్స్. ఇంగ్లిష్ ముక్క రాని మా మామ్మ ఆ పసుపు పువ్వు చూసి కుర్చీలోంచి కిందకి జారిపోయింది, మా పిన్ని అయితే నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేసింది, అలాంటి పేషెంటు తన వార్డులో ఆ వారమే డిశ్చార్జి అయ్యాడట. మేట్రన్ రౌండ్స్‌కి వస్తోందంటే దుప్పటి మడతలు సర్దడం, మంచాలన్నీ ఒకే వరసలో ఉన్నాయో లేదో చూసుకోవడం, ఆ హడావిడంతా అచ్చం నిజమని ఇప్పటికీ చెప్తుంది.

ఇంక నోట్‌బుక్ సంగతి. ఆ యాస పిన్నికి అర్థమయ్యేది కాదు, ప్రతిసారీ సినిమా ఆపి చెప్పాల్సొచ్చేది, దాంతో బాబాయి ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టాడు. ఎడం పేజీలో ఇంగ్లిష్ మాట తెలుగు అక్షరాల్లో, కుడి పేజీలో పైకి అర్థం, దాని కింద ఎర్ర ఇంకుతో లోపలి అర్థం. మొట్టమొదటి ఎంట్రీ ఒక సినిమా పేరే, క్యారీ ఆన్ అప్ ది ఖైబర్. పైకి అర్థం: ఖైబర్ కనుమ ఎక్కుట. ఎర్ర ఇంకులో: లండన్ తూర్పువైపు వాళ్ళు ప్రాస కలిపి మాటలు దాచి మాట్లాడతారు, పాస్‌కి ఆర్స్ ప్రాస, కాబట్టి ఖైబర్ పాస్ అంటే ముడ్డి. అంతే రాశాడు. ఇది ఆయనకి రేవులో క్రేన్ నడిపే ఒకాయన చెప్పాడట, అంటే ఆ పోస్టర్లు ఊరంతా అంటించారు, ఏ సెన్సారూ ఏమీ అనలేకపోయాడు, ఎందుకంటే కనుమ పేరు కనుమదే కదా.

బాబాయి ఎక్కువ కష్టపడింది క్యారీ ఆన్ క్లియో దగ్గర. 1964 సినిమా. ఎలిజబెత్ టేలర్ క్లియోపాత్రా కోసం పైన్‌వుడ్‌లో వేసిన సెట్లు, ఆ షూటింగ్ రోముకి వెళ్ళిపోయాక అక్కడే ఉండిపోతే, వీళ్ళు ఆ సెట్లూ బట్టలూ వాడేసుకుని తీసేశారు. అందులో సీజర్ వేసిన కెన్నెత్ విలియమ్స్, చుట్టూ అందరూ కత్తులతో వస్తుంటే "ఇన్‌ఫమీ! ఇన్‌ఫమీ!" అని అరుస్తాడు, వెంటనే "దే హావ్ ఆల్ గాట్ ఇట్ ఇన్ ఫర్ మీ" అంటాడు. ఇన్‌ఫమీ అంటే ఘోరమైన ద్రోహం, అపకీర్తి. ఇన్ ఫర్ మీ అంటే నామీద పగబట్టారని. పలికితే రెండూ ఒకటే. ఆ డైలాగు ముందు ఒక రేడియో ప్రోగ్రాం కోసం వేరేవాళ్ళు రాసింది, వీళ్ళు అడిగి తీసుకున్నారు. దీన్ని తెలుగులోకి ఎలా తేవాలని బాబాయి నాలుగు పేజీలు కొట్టేసి ఉన్నాయి. ఐదో పేజీలో ఉంది:

"వంచన! వంచన! అందరూ పొడవడానికొస్తే నేను నడుం వంచనా?"

చదివి పిన్ని చేట పట్టుకుని వెంటబడింది. నాకైతే ఇంగ్లిష్ దానికంటే ఇదే బాగుంటుంది, అందులో శ్లేష మాత్రమే ఉంది, ఇందులో శ్లేషతోపాటు కాస్త కారం కూడా ఉంది.

మా బరంపురంవాళ్ళకి ఈ సినిమాలు ఇంత తొందరగా ఎక్కడానికి నాకు తోచిన కారణం ఒకటుంది. 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నాం, తర్వాత ఒరిస్సా, ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, బజార్లో రెండూ కలిపి. ఒడియాలో పిలా అంటే పిల్లవాడు, తెలుగులో పిల్ల అంటే ఆడపిల్ల. మా పక్కింటి ఒడియా మావుసీ కొత్తలో మా మామ్మతో "మా అబ్బాయి మంచి పిలా" అని మెచ్చుకుంటే మామ్మ పాపం ఆ కుర్రాడికేదో ఇబ్బందుందనుకుని నెలరోజులు జాలిగా చూసింది. ఇలాంటివి రోజూ. ఒక మాట చెవిన పడగానే ఇది ఏ భాషలోది, ఇంకో భాషలో ఏమవుతుందని మాకు తెలీకుండానే లోపల ఒక లెక్క నడిచిపోతుంది, ఆ లెక్కకి అలవాటుపడ్డ చెవులకి టాల్బట్ రోత్‌వెల్ రాసిన డైలాగులు సొంతూరివాళ్ళ మాటల్లా వినిపిస్తాయి. మొదటి ఆరు సినిమాలు నార్మన్ హ్యూడిస్ రాశాడు, అవి కాస్త మెత్తగా, ఇంటిల్లిపాదీ చూసేలా, మధ్యలో మనసు చివుక్కుమనేలా కూడా ఉంటాయి. తర్వాత రోత్‌వెల్ ఒక్కడే 20 రాశాడు, అసలు అల్లరంతా ఆయనదే.

రోత్‌వెల్ గురించి తెలిశాక నాకు ఆయన మీద గౌరవం చాలా పెరిగింది. రెండో ప్రపంచ యుద్ధంలో విమానం కూలి జర్మన్ల ఖైదీల క్యాంపులో పడ్డాడు, స్టాలాగ్ లుఫ్ట్ 3. అదే క్యాంపులో పీటర్ బటర్‌వర్త్ కూడా ఖైదీ, తర్వాత క్యారీ ఆన్‌లలో తడబడుతూ తిరిగే ఆ గుండ్రటి మొహం మనిషి. ఇద్దరూ కలిసి అక్కడ ఖైదీల కోసం షోలు వేసేవాళ్ళు, ఆ షోలో జనం చేసే గోల కింద సొరంగం తవ్వే చప్పుడు కలిసిపోయేదంటారు. ఎప్పుడు వదుల్తారో తెలీదు, తిండి లేదు, అలాంటి చోట ఇద్దరు మనుషులు కూచుని జోకులు రాసుకున్నారు. ఖైబర్‌లో ఆ విందు సీన్ రాయడానికి అలాంటి మనిషే కావాలి.

ఆ సీన్ చెప్పాలి. తెల్లదొరలు మనల్ని ఏలుతున్న కాలం, గవర్నర్ బంగళాలో పెద్ద డిన్నర్. బయట ఫిరంగులు పేల్తున్నాయి, గోడలు కూలుతున్నాయి, పైకప్పు నుంచి పెళ్ళలు ప్లేట్లలో పడుతున్నాయి. బల్ల దగ్గర గవర్నరుగా సిడ్ జేమ్స్, ఆయన భార్యగా జోన్ సిమ్స్, మిగతా దొరలూ దొరసానులూ ఏమీ జరగనట్టే మాట్లాడుకుంటూ తింటారు, బ్యాండువాళ్ళు వాయిస్తూనే ఉంటారు, బటర్‌వర్త్ ఒక్కడే భయంతో వణికిపోతాడు. జోన్ సిమ్స్ జుట్టు మీద సున్నం పెళ్ళ రాలితే నేను కాస్త ప్లాస్టర్డ్ అయినట్టున్నానంటుంది. నోట్‌బుక్‌లో ఎర్ర ఇంకు: మందెక్కువైన మనిషిని కూడా ఇదే మాట అంటారు.

2013 అక్టోబర్ 12, దసరా రోజులు, ఫైలిన్ తుపాను మా పక్కనే గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన రాత్రి. గాలి గంటకి 200 కిలోమీటర్లు దాటింది. మేమంతా బాబాయిగారి పాత ఇంట్లో మధ్యగదిలో ఉన్నాం, తలుపుకి బీరువా అడ్డం పెట్టాం, కిటికీ సందుల్లోంచి గాలి ఒక రకమైన ఈల వేస్తోంది, అది విన్నవాళ్ళకే తెలుస్తుంది. పెరట్లో వేపచెట్టు పడిపోయిన చప్పుడు వచ్చింది. పిల్లలు ఏడుపు. పిన్ని, ఆకలితో ఎంతసేపుంటార్రా అని కొవ్వొత్తి వెలుగులో అన్నం, పప్పు, అప్పడాలు వడ్డించింది. మొదటి ముద్ద కలిపాడో లేదో పైనుంచి సున్నం పెళ్ళ ఊడి సరిగ్గా బాబాయి కంచంలో పడింది. ఎవరం కదల్లేదు. బాబాయి ఆ పెళ్ళని రెండు వేళ్ళతో తీసి కంచం పక్కన పెట్టి, పిన్ని వైపు తిరిగి, గవర్నర్ దొరలాగా నిటారుగా కూచుని, "సున్నం ఎలాగూ వచ్చింది, తమలపాకులుంటే తెప్పించండి" అన్నాడు. పిన్ని వెంటనే "వక్కలు ఇంకా రాల్లేదండి, ఇంకో గాలి రానివ్వండి" అంది. ఆ భయంలో అందరం పడిపడి నవ్వాం, ఏడుస్తున్న పిల్లలు కూడా మమ్మల్ని చూసి నవ్వారు. ఆ తర్వాత మాకు పదకొండు రోజులు కరెంటు లేదు. ఆ సున్నం పెళ్ళ ఒక ముక్క పిన్ని ఇప్పటికీ అలమరలో క్యాసెట్ల పక్కన దాచుకుంది.

ఈ ఖైబర్ మీద నాకు బాధ కూడా ఉంది, అది చెప్పకపోతే అబద్ధమవుతుంది. మన దేశంవాళ్ళ వేషాలు తెల్లవాళ్ళే మొహానికి రంగు పూసుకుని వేశారు, రాజుగా కెన్నెత్ విలియమ్స్, పఠానుగా బెర్నార్డ్ బ్రెస్లా. మా తమ్ముడి కూతురు కాలేజీలో చదువుతోంది, అది ఇది చూడలేనంది, దాన్ని నేను తప్పు పట్టను. నాకు మటుకు ఆ రంగు కనబడినప్పుడల్లా చివుక్కుమంటుంది, అయినా ఆ సినిమా ఎవరిని ఎక్కువ ఏడిపించిందో చూడమంటాను. దొరల సైన్యం మొత్తం ఒక పుకారు మీద బతుకుతుంది, వాళ్ళు స్కాట్లాండ్ పద్ధతిలో వేసుకునే స్కర్టుల కింద ఏమీ వేసుకోరు కాబట్టి మహా వీరులని జనం భయం. ఒక్క సిపాయి కింద చెడ్డీ వేసుకున్నాడని తెలిసేసరికి సామ్రాజ్యం పరువు గంగలో కలిసిపోతుంది. చివర్లో శత్రువుల్ని తరిమింది తుపాకులు కాదు, వరసగా నిలబడి స్కర్టులు ఎత్తడం. ఇంతకీ ఆ ఖైబర్ కనుమ వేల్స్ దేశంలో స్నోడోనియా కొండలు, యూనిట్ ఇండియాలో కాలే పెట్టలేదు. 1999లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌వాళ్ళ వంద గొప్ప సినిమాల లిస్టులో దీనికి 99వ స్థానం వచ్చిందని తెలిసి బాబాయి వీధిలో మిఠాయి పంచాడు.

ఆడదానివి నీకు ఈ బూతు సినిమాలేంటని నన్ను అడిగినవాళ్ళున్నారు. ఆ అడిగినవాళ్ళకి క్యారీ ఆన్ క్యాంపింగ్ చూపిస్తాను. 1969లో బ్రిటన్‌లో అన్నిటికంటే ఎక్కువ ఆడిన సినిమా. బట్టల్లేకుండా తిరిగే క్యాంపు అనుకుని సిడ్ జేమ్స్, బ్రెస్లా తమ గర్ల్‌ఫ్రెండ్లని వెంటేసుకుని బయల్దేరతారు, తీరా వెళ్ళేది మామూలు బురద పొలం, డబ్బులు పోతాయి, ఎవరి మీదైతే కన్నేశారో ఆ అమ్మాయిలు చివరికి పాటలవాళ్ళ బండెక్కి వెళ్ళిపోతారు. చొంగ కార్చినవాడికి ఈ సినిమాల్లో ఎప్పుడూ ఏమీ దొరకదు. కొన్నిచోట్ల పిరుదుల మీద చరచడాలు, చెయ్యెయ్యడాలు ఉంటాయి, అవి నాకు నచ్చవు, ముందుకి జరిపేస్తాను. కానీ హాటీ జాక్స్ ఒక్క చూపు చూస్తే వార్డు మొత్తం సర్దుకుంటుంది, జోన్ సిమ్స్ నోరు విప్పితే సిడ్ జేమ్స్ నోరు మూతపడుతుంది. ఆ వ్యాయామం సీన్‌లో బార్బరా విండ్సర్ బికినీ పైముక్క ఎగిరిపోవడం అందరికీ గుర్తే. అది చేపల గాలం దారం కట్టి లాగారు. వేసవి కథ గానీ షూటింగ్ నవంబరు చలిలో, బురదకి ఆకుపచ్చ రంగు కొట్టి గడ్డిలా చూపించారు, అందులో స్కూలు పిల్ల వేషం వేసినావిడకి అప్పటికి 31 ఏళ్ళు. ఆ చలిలో ఆ బురదలో నిలబడి అంత చక్కగా నవ్వించిందంటే అది పనితనం. ఆవిడ 2020 డిసెంబర్లో పోయినప్పుడు మా ఇంట్లో దీపం పెట్టాం.

వాళ్ళకి ఇచ్చింది మాత్రం చాలా తక్కువ. పెద్ద నటులకి సినిమాకి 5 వేల పౌండ్లు, ఆడవాళ్ళకి అందులో సగమో ఎంతో, తర్వాత టీవీలో ఎన్నిసార్లు వేసినా వాళ్ళకి ఏమీ రాలేదు. ఇది తల్చుకుంటే నాకు కోపమొస్తుంది. కెన్నెత్ విలియమ్స్, చార్ల్స్ హాట్రీ ఇద్దరూ మగవాళ్ళని ప్రేమించే మనుషులు, 1967 దాకా ఇంగ్లండులో అది నేరం. తెర మీద అంత అల్లరి చేసి ఇంటికెళ్ళి ఒంటరిగా కూచున్నారు, విలియమ్స్ డైరీలు ఆయన పోయాక అచ్చయ్యాయి, అవి చదివితే గుండె బరువెక్కుతుంది. 1988లో ఇద్దరూ పోయారు. సిడ్ జేమ్స్ అయితే 1976 ఏప్రిల్ 26న సండర్లాండ్‌లో నాటకం ఆడుతూ స్టేజీ మీదే కూలిపోయాడు, జనం అది కూడా కామెడీయే అనుకుని నవ్వారట. ఆయన నవ్వు విన్నారా ఎప్పుడైనా? గొంతులో గులకరాళ్ళు దొర్లినట్టుంటుంది. బాబాయి అచ్చం అలాగే నవ్వేవాడు.

1970ల మధ్య నుంచి వచ్చినవి నేను పెద్దగా చూడను. అప్పటికి బయట సినిమాల్లో అన్నీ చూపించేస్తున్నారు, వీళ్ళు కూడా చూపించబోయారు, చూపించేశాక ఇంక శ్లేషకి చోటెక్కడుంది. పెద్దక్క నూనె అన్న మాట దాటి ఇంకో ముక్క విడమర్చి చెప్పి ఉంటే ఆ రోజు పెరట్లో ఎవరూ నవ్వేవాళ్ళు కాదు.

బాబాయి పోయి మూడేళ్ళయింది. ఇక్కడి సముద్రపు గాలికి తొమ్మిది క్యాసెట్లలో ఐదింటికి బూజు పట్టింది, మా తమ్ముడూ నేనూ ఒక్కోటీ విప్పి, రీలుని మెత్తటి గుడ్డతో తుడుచుకుంటూ, వీసీఆర్ హెడ్డుకి స్పిరిట్ రాసుకుంటూ మూడు బాగుచేశాం. ఆన్‌లైన్లో శుభ్రమైన ప్రింట్లు దొరుకుతాయి, తెలుసు. కానీ ఈ క్యాసెట్లలో అక్కడక్కడ బొమ్మ ఆగి మళ్ళీ మొదలవుతుంది, అవన్నీ బాబాయి పిన్నికి అర్థం చెప్పడానికి పాజ్ నొక్కి నొక్కి రీలు నలిగిన చోట్లు.

ఇప్పుడు ఆదివారం సాయంత్రాలు పిన్ని ఇంట్లో ఎనిమిదిమంది పెద్దవాళ్ళం, పిల్లలూ చేరుతున్నాం. మా ఆయన, తమ్ముడూ మరదలూ, పక్కింటి మౌసా మావుసీ, ఇచ్ఛాపురం నుంచి లోకల్ బండెక్కి వచ్చే రిటైర్డ్ గార్డుగారు. మా పిల్లలకి తెలుగు మాట్లాడ్డం వచ్చు గానీ చదవడం రాదు, అందుకని నోట్‌బుక్ నేను చదువుతుంటాను, మౌసా దాన్ని ఒడియాలో చెప్తారు, ఒక్కోసారి ఒడియాలో మూడో అర్థం ఒకటి పుట్టుకొస్తుంది, అప్పుడు మావుసీ ఆయన్ని కసురుతుంది.

కిందటివారం క్యారీ ఆన్ కేబీ వేశాం. 1963ది, రోత్‌వెల్ ఈ సిరీస్‌కి రాసిన మొదటిది. సిడ్ జేమ్స్‌కి టాక్సీ కంపెనీ తప్ప పెళ్ళాం గుర్తుండదు, పెళ్ళిరోజు కూడా మర్చిపోతాడు, హాటీ జాక్స్ చెప్పాపెట్టకుండా అందమైన ఆడ డ్రైవర్లతో ఎదురు కంపెనీ పెట్టి వాడి బేరాలన్నీ లాగేస్తుంది. ఈ సినిమాకి నోట్‌బుక్‌లో పేరు రాసి ఉంది, కింద పేజీలు ఖాళీ. బాబాయి మొదలుపెట్టి ఆపేశాడు. సినిమా అయ్యాక అందరం చెప్పులేసుకుంటుంటే పిన్ని కళ్ళజోడు పెట్టుకుని, నన్ను ఎర్ర పెన్ను అడిగింది. నా దగ్గర లేదు, నీలం పెన్నే ఉంది. పర్లేదు ఇలా ఇవ్వు అంది.